బర్రె ఏమన్నది?

సదానందం ఆధారం లేనిదే దేన్నీ నమ్మే మనిషి కాదు. ఉద్యోగ విరమణ దాకా పెద్దపల్లిలో జూనియర్ కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాడు. సెలవు దినాల్లో ఊరూరా తిరిగి, గాలిలోంచి విభూతి ఎలా రాలుతుందో, నిమ్మకాయ కోస్తే నెత్తురెందుకు కారుతుందో జనం ముందు విప్పి చూపాడు. సొంత ఇంటి గృహప్రవేశానికి బంధువులు ముహూర్తం గురించి తర్జనభర్జన పడుతుంటే, "ముహూర్తం సంగతి తర్వాత, ముందు సున్నం ఆరిందో లేదో చూడుండ్రి" అన్నవాడు. పెద్దవాళ్ళ బుర్రల్లో ఒకసారి దిగిన మేకును పెరకడం తన వల్ల కాదని తేలాక, మేకులు ఇంకా దిగని బుర్రల కోసం పిల్లల కథలు రాయడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి, ఆ ఆగస్టు ఉదయం గోదావరిఖని బస్సు ఎక్కేటప్పటికి, తన కథలు పిల్లలకు పనికిరావన్న నిర్ధారణకు దాదాపుగా వచ్చేశాడు. ఆ నిర్ధారణకు ఆధారం జ్యోతినగర్‌లో దొరికింది. పోయిన నెల అక్కడి విద్యుత్ కేంద్రం కాలనీ బడిలో, తాను రాసినవాటిలోకెల్లా హాస్యకథ అని తాను గట్టిగా భావిస్తున్న 'ముహూర్తం చూసే బర్రె'ను చదివి వినిపించాడు. ఇంజనీర్ల పిల్లలు శుభ్రమైన చొక్కాలతో, శుభ్రమైన మర్యాదతో కూర్చుని, కథ సగానికి రాకముందే ఆవలించారు. ఒకరి నుంచి ఒకరికి పాకిన ఆ ఆవలింత చివరికి రచయితను కూడా చేరింది. తన కథకు తానే నోరంతా తెరిచి ఆవలించిన ఆ క్షణాన్ని సదానందం మరిచిపోలేకపోయాడు.

అయితే ఒక్క ప్రయోగంతో సిద్ధాంతం చేయడం శాస్త్రీయం కాదు. అందుకని రెండో ప్రయోగానికి ఒప్పుకున్నాడు. గోదావరిఖని గని కార్మికుల క్వార్టర్ల మధ్య ఉన్న బడి నుంచి సంధ్యారాణి అనే తెలుగు టీచర్ పిలిచింది. పొద్దున పిల్లలచేత కథలు రాయించాలి, మధ్యాహ్నం తన కథ చదవాలి. ఇక్కడ కూడా పిల్లలు నవ్వకపోతే బర్రె కథను చించేసి కలం మూసేస్తానని బయలుదేరేముందు భార్యతో గంభీరంగా చెప్పాడు. "మంచిది గని, వచ్చేటప్పుడు అల్లం పట్టుకరాండ్రి" అన్నదామె.

బసంత్‌నగర్ దాటుతుంటే, సిమెంటు దుమ్ముతో బూడిద రంగుకు మారిన ఆకుల వైపు చూస్తూ ఆయన మనసులో ఒక ఒప్పందం చేసుకున్నాడు. చిరునవ్వులు లెక్కలోకి రావు. మర్యాద కోసం చప్పట్లు కొడితే అసలే రావు. నవ్వు వినపడాలి.

బడి గేటు దగ్గర సంధ్యారాణి ఎదురొచ్చి నమస్కారం పెట్టి, "మీకోసమే చూస్తున్న సార్, బస్సుల తిప్పల కాలేదు గద?" అని గుసగుసగా అడిగింది.

"గొంతు పట్టేసిందా అమ్మా? ఉప్పునీళ్ళు పుక్కిలించకపోయావా?"

"నా గొంతు బాగనే ఉన్నది సార్," అందామె, మళ్ళీ గుసగుసగానే, కొంచెం ఆశ్చర్యంతో.

వరండాలో వేలాడుతున్న ఇనుప గంట ఆయన కంటపడింది. దానికి గోనెసంచి చుట్టి, సుతిలితాడుతో పైనుంచి కింది దాకా బిగించి కట్టారు. సదానందం నిట్టూర్చాడు. ముడుపులు కట్టడం బడిగంట దాకా వచ్చిందన్నమాట! ఏ మొక్కు కోసం కట్టారని అడగబోయి, కథ చదివాక అందరికీ కలిపి చెబుదామని ఆగాడు. అంతలో హెడ్మాస్టర్ మొయినుద్దీన్ బూట్లు చేతిలో పట్టుకుని, మేజోళ్ళతో నడిచివచ్చాడు. సలాం చేసి, సదానందం చెవి దగ్గరికి వంగి, "మీరు రావడం మా నసీబు సాబ్," అని పరాయివాళ్ళు వినకూడని రహస్యంలా చెప్పాడు. ఈ మనిషి పిల్లలను ఎంతగా భయపెట్టి ఉంటాడో సదానందానికి అర్థమైపోయింది. బడి మొత్తంలో ఒక్క పిల్ల గొంతు వినిపించడం లేదు. పక్క తరగతిలో ఎక్కాలు చెప్పించడం లేదు. ఎక్కడా ఎవరూ ఎవరినీ తిట్టడం లేదు.

ఎనిమిదో తరగతి గదికి వెనక ఒక్కటే పెద్ద కిటికీ. దాని రెక్కలు దగ్గరికి వేసి ఉన్నాయి. కిటికీకి ఆవల ఒక సందు, సందుకు ఆవల క్వార్టర్ల వరుస. పిల్లలు బెంచీల మీద ఇరుకుగా కూర్చున్నారు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క రేకు జామెట్రీ బాక్సు. సదానందం బోర్డు మీద కథారచనకు నాలుగు నిషేధాలు రాశాడు. దేవుడు రాకూడదు. దయ్యం రాకూడదు. రాజుగారు రాకూడదు. చివర నీతి ఉండకూడదు.

జూహీ అనే పిల్ల చెయ్యెత్తి, చిన్న గొంతుతో అడిగింది: "నీతి లేకుంటే కథ అయిపోయిందని ఎట్ల ఎరుకైతది సార్?"

"చెప్పాల్సింది అయిపోతే కథ అయిపోయినట్టేనమ్మా."

"మా దాదీ చెప్పేది అయిపోదు సార్. నడుమనే ఆమె నిద్రపోతది."

"అట్లాగైతే మీ దాదీ కథలు ఇంకా నడుస్తున్నాయని లెక్క," అన్నాడు సదానందం. జూహీ ఈ సమాధానాన్ని కాసేపు పరిశీలించి, ఫరవాలేదన్నట్టు కూర్చుంది.

ముందు బెంచీలోంచి సహస్ర అనే పిల్ల లేచింది. రెండు జడలు, రెండు రంగుల రిబ్బన్లు. "దయ్యం రావొద్దన్నరు గద సార్. దయ్యం వస్తదని మా కాక రాత్రంతా కావలి కూసున్నడు, అది రాలే. రాని దయ్యాన్ని రాయొచ్చా?"

హేతువాద సాహిత్యం మొత్తాన్ని ఈ పిల్ల ఒక ప్రశ్నలో చెప్పేసింది. "రాయొచ్చు," అన్నాడు.

కానీ సహస్ర ఆ కథ రాయలేదు. అరగంట తర్వాత వాళ్ళు రాసినవి చదవమంటే, ఆమె ఒక కుక్కరు కథ చదివింది. ఆ ఇంట్లో పగలు ఎవరో పడుకుంటారు గనుక కుక్కరు సీటీ వెయ్యకూడదు. కుక్కరు చాలా మంచిది, సీటీని మింగుతుంది. పప్పు ఉడికిన కొద్దీ మింగుతుంది. పొట్ట ఉబ్బుతుంది. ఇక ఆగలేక పొయ్యి మీదినుంచి దిగి, గల్లీ దాటి, పట్టాల దాకా పరుగెత్తి, బొగ్గు బండి కూత పెట్టినప్పుడు దానితోపాటు తన సీటీలన్నీ ఒక్కసారే వేసేసి, చల్లగా ఇంటికొస్తుంది.

"ఊహ బాగుంది," అన్నాడు సదానందం. "ఒక్కటే దోషం. ఆవిరిని అంతసేపు ఆపితే సేఫ్టీ వాల్వు ఎగిరిపోతది."

"గందుకే సార్, అది బయటికి పోయింది," అంది సహస్ర ఓపిగ్గా.

మధ్యాహ్న భోజనం కూడా చప్పుడు లేకుండానే జరిగింది. పిల్లలు పళ్ళేలను నేల మీద పసిపాపల్ని పడుకోబెట్టినట్టు పెట్టారు. భోజనాలు కాగానే మళ్ళీ తరగతిలో చేరారు. సదానందం సంచీలోంచి కాగితాలు తీసి, కాలేజీలో వెనక బెంచీలకు కూడా న్యూటన్‌ను వినిపించిన గొంతు సవరించుకుని, 'ముహూర్తం చూసే బర్రె'ను మొదలుపెట్టాడు.

కథలోని రైతుకు ముహూర్తాల పిచ్చి. రాహుకాలంలో పాలు పిండడు, వర్జ్యంలో కుడితి పెట్టడు. చూసి చూసి బర్రెకు కూడా అలవాటైంది. మంచి ఘడియ వస్తే తప్ప గడ్డి ముట్టదు. తోక ఊపాలన్నా దిక్కు చూసుకుంటుంది. ఈగ వాలితే, ఆ ఈగ ఏ నక్షత్రంలో వాలిందో ఆలోచిస్తుంది...

మొదటి పేజీ చివరికి రాగానే బెంచీల మీద జామెట్రీ బాక్సులు గలగలమన్నాయి. సదానందం ఆగి విన్నాడు. దగ్గర్లో బొగ్గు వ్యాగన్ల బండి పోతున్నట్టుంది. నేలలోంచి ప్రకంపనలు రావడం, పలుచని రేకు వస్తువులు వాటికి స్పందించడం సహజం. ఆయన చదువు కొనసాగించాడు. తలెత్తి పిల్లలను చూశాడు. మూడో బెంచీలో ఒకడు అరచేత్తో నోరు మూసుకున్నాడు. వాడి పక్కవాడు కూడా. జూహీ ఓణీ కొంగును నోటికి అడ్డం పెట్టుకుంది. సహస్ర తల పూర్తిగా బెంచీ మీద వాల్చేసింది. ఆవలింతలు! ఇక్కడి పిల్లలు, పాపం, మరీ మర్యాదస్తులు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలిస్తున్నారు.

గుమ్మంలో మొయినుద్దీన్ కనిపించాడు. అరచేతిని గాలిలో కిందికి, కిందికి ఊపాడు. కూర్చుని చదవమంటున్నాడు కాబోలనుకుని సదానందం కుర్చీలో కూర్చున్నాడు. గొంతు తగ్గలేదు. మొయినుద్దీన్ ఇంకా దీనంగా అరచేతిని కిందికి దించాడు. సదానందం చుట్టూ చూశాడు. బోర్డు పక్కన, చాక్‌పీసులు అందనివాళ్ళు ఎక్కే ఒక పొట్టి స్టూలు ఉంది. కథ చెప్పేవాడు వినేవాళ్ళకంటే తక్కువ ఎత్తులో కూర్చోవడం ఇక్కడి ఆచారమేమో! ఆచారాలంటే గిట్టకపోయినా అతిథిగా వచ్చాడు గనుక, కుర్చీ దిగి స్టూలు మీద సర్దుకున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. మొయినుద్దీన్ రెండు చేతులూ జోడించి, తర్వాత రెండు అరచేతులనూ కలిపి నేల వైపు నొక్కాడు. ఇక మిగిలింది నేలే. దేనికైనా ఒక హద్దుండాలనుకున్నాడు సదానందం. సరిగ్గా అప్పుడే జామెట్రీ బాక్సులు అంతకుముందెన్నడూ లేనంతగా గలగలలాడాయి. ఈసారి పోయేది లోడు బండి అయి ఉంటుంది.

ఆయన పట్టు వదలకుండా కథ చివరికి వచ్చాడు. బర్రె ఒకనాడు నడిరోడ్డు మీద పడుకుంటుంది. లేవడానికి మంచి ఘడియ ఇంకా రాలేదు. ఇటు బస్సు ఆగింది, అటు లారీలు ఆగాయి. కండక్టరు బతిమాలాడు, పోలీసు లాఠీ చూపాడు, బర్రె కదలదు. ఆ బస్సులోనే జోస్యం చెప్పే పెద్దమనిషి ఉన్నాడు. పక్క ఊళ్ళో పెళ్ళికి ముహూర్తం పెట్టింది ఆయనే, ఆ ముహూర్తం కాస్తా దాటిపోయేట్టుంది. చెమటలు కక్కుతూ బస్సు దిగివచ్చి, చుట్టూ చూసి, ఎవరూ వినకుండా బర్రె చెవిలో అన్నాడు: "తల్లీ, నీకొక్కదానికే చెప్తున్న. మంచి ఘడియలు లేవు, చెడ్డ ఘడియలు లేవు. అంతా వట్టిదే. లెవ్వు!"

అప్పుడు బర్రె... సదానందం తలెత్తాడు. గది మొత్తం నోళ్ళు మూసుకుని ఉంది. కొందరు తలలు దించారు, కొందరికి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒకడైతే చొక్కా కాలరు నమిలేస్తున్నాడు. ఆవలింత మరీ ఎక్కువైతే కళ్ళలో నీళ్ళు రావడం శరీరధర్మం. ఇంతకు మించిన ఆధారం అవసరం లేదు. చివరి వాక్యం చదవకుండానే కాగితాలు మడిచి, స్టూలు మీదినుంచి మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"పిల్లలూ," అన్నాడు. "మిమ్మల్ని విసిగించాను. తప్పు మీది కాదు. ఇది నా చివరి కథ. నేటితో నేను కథలు రాయడం మానేస్తున్నాను."

ఆ మాట పూర్తయిందో లేదో, ఎక్కడో దూరంగా సైరన్ మొదలై, సాగి, సాగి ఆగింది. వెంటనే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగింది. నేల ఒక్కసారి ఎగిరి కూర్చున్నట్టయింది. కిటికీ రెక్కలు టపటపలాడాయి, చాక్‌పీసుల డబ్బా కిందపడి దొర్లింది. ఆ మోత ఇంకా చల్లారకముందే పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు.

అది మామూలు నవ్వు కాదు. సహస్ర బెంచీ మీదినుంచి తల ఎత్తి, ఒక కేక లాంటి నవ్వు నవ్వి, పక్కదాని మీద పడింది. మూడో బెంచీ మొత్తం ఒకవైపుకు ఒరిగింది. ఒకడు కడుపు పట్టుకుని బెంచీ కిందికి జారిపోయి, అక్కడినుంచి నవ్వుతూనే ఉన్నాడు. జూహీ "సార్... సార్..." అని ఏదో చెప్పబోయి, చెప్పలేక, వేలు చూపించి మళ్ళీ నవ్వింది. ఆ వేలు పొట్టి స్టూలు వైపు ఉందో తన వైపు ఉందో సదానందం తేల్చుకోదలచలేదు. తాను రాయడం మానేస్తున్నాననడమే తన కథలన్నిటిలోకి పెద్ద హాస్యమైపోయింది! ఆయన సంచీ భుజాన వేసుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచాడు.

వరండాలో అటెండరు గట్టయ్య గంట మీది గోనెసంచి విప్పుతున్నాడు. విప్పి, సుత్తె తీసుకుని, పాత పగ తీర్చుకుంటున్నట్టు గంట మీద బాదాడు. ఆ దెబ్బతో బడికి ప్రాణం వచ్చింది. ఒక గదిలో ఎక్కాలు మొదలయ్యాయి, ఇంకో గదిలో పద్యం, మైదానంలో ఈల. ఎవరో టీచరు పొద్దటినుంచి దాచుకున్న తిట్టునొకదాన్ని గొంతెత్తి తిట్టింది.

"సార్! ఆగుండ్రి సార్!" సంధ్యారాణి పరుగెత్తుకొస్తోంది. ఆమె గొంతు గని దాకా వినిపించేట్టుంది.

"ఉప్పునీళ్ళు బాగా పనిచేసినట్టున్నాయమ్మా," అన్నాడు సదానందం ఆగకుండానే.

"ఏం ఉప్పునీళ్ళు సార్? సైరన్ అయింది గద! గా కథకు పోరగాండ్లు సచ్చిపోయిండ్రు నవ్వలేక. నేనైతే బయట గోడకు ఆనుకొని ఏడ్సిన."

"నవ్వలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

"సైరన్ కాకముందు ఎట్ల నవ్వుతరు సార్?"

సదానందం ఆగాడు. సంధ్యారాణి ఆయన మొహంలోకి చూసి, ఈయనకు నిజంగానే తెలియదని అప్పుడు గ్రహించింది. గాలి ఉన్నదని వచ్చిన చుట్టానికి ఎవరు చెబుతారు? ఆమె పుట్టింది ఈ క్వార్టర్లలోనే. నైట్ షిఫ్టు దిగి వచ్చిన తండ్రి పడుకున్న ఇంట్లో, నవ్వొస్తే నోట్లో చున్నీ కుక్కుకుని పెరిగింది. నవ్వు మీద నిషేధం లేదు, చప్పుడు మీదే. మధ్యాహ్నం బ్లాస్టింగుకు ఎలాగూ కాలనీ మొత్తం మేలుకుంటుంది గనుక, పొద్దటి నవ్వులన్నీ అప్పటిదాకా ఆపుకుని, అప్పుడు నవ్వాలి. ఎక్కాలు, పాటలు, ఆటలు, గంట, తిట్లు కూడా ఆ తర్వాతే.

"బడి పెట్టిన కొత్తల గిట్ల లేకుండె సార్," అందామె. "గా కిటికీ ఎనకాల ఉండే పోశం కాక ఒకరోజు చెడ్డీ బనీను మీద మెత్త చంకల పెట్టుకొని ఎనిమిదో తరగతికి వచ్చిండు. ఇంట్ల పండనియ్యరు, గిక్కడనే పండుకుంట అని ముందు బెంచీ మీద పండుకొని గుర్రు పెట్టిండు. హెడ్మాస్టర్ సార్ లేపుదామంటే ధైర్నం రాలే. గప్పటిసంది గిదే ఒప్పందం."

మొయినుద్దీన్ కూడా వచ్చాడు. ఇప్పుడు బూట్లు కాళ్ళకున్నాయి, టకటకా మోగుతున్నాయి. "గొంతు జరంత తగ్గించమని ఇషారా చేసిన సాబ్. మెహమాన్‌కు నోటితో చెప్పుడు బాగుండదని..."

సదానందం కళ్ళముందు కుర్చీ, స్టూలు, నేల వరుసగా కదిలాయి. అయినా ఆయన తలూపలేదు. "మీ వివరణ చాలా సౌకర్యంగా ఉంది," అన్నాడు. "సౌకర్యంగా ఉన్న వివరణలను అనుమానించడమే జీవితమంతా నేను చేసిన పని. పిల్లలు నా కథకు నవ్వారా, నేను మానేస్తున్నానంటే నవ్వారా, పొద్దటినుంచి మూసుకున్న నోళ్ళు తెరవడానికి నవ్వారా? ఎలా తేలుస్తారు?"

"గంతే గద సాబ్! జల్ది తేలుస్త!" మొయినుద్దీన్ ఆయనను చెయ్యిపట్టుకుని తరగతికి లాక్కొచ్చి, "పిల్లలూ, సార్ కథకు నవ్వుండ్రి!" అని ఆజ్ఞాపించాడు. పిల్లలు లేచి నిలబడి, హాజరు పలికినట్టు, "హహ్హహ్హ" అన్నారు. బాబాల సభల్లో కూడా సదానందం ఇంత అబద్ధపు చప్పుడు వినలేదు.

కిటికీ రెక్కలు తెరుచుకున్నాయి. ఊచల అవతల, సందులో, లుంగీ బనీనుతో, ఎర్రటి కళ్ళతో, చెదిరిన జుట్టుతో ఒక నిలువెత్తు మనిషి నిలబడి ఉన్నాడు. మొయినుద్దీన్ చెయ్యి అసంకల్పితంగా బూట్ల వైపు పోయింది.

"పొద్దటిసంది గీడ ఒర్లింది ఎవలు?" అన్నాడు పోశం.

"మాఫ్ చెయ్యి పోశం భాయ్," అన్నాడు మొయినుద్దీన్. "సార్ కొత్త. పెద్దపల్లి నుంచి వచ్చిండు. గొంతు జర..."

"ఒక్క కునుకు తియ్యలే. రాత్రి మళ్ళ డ్యూటీకి పోవాలె. గొంతు సంగతి నేనడుగుతలేను." పోశం ఊచలు పట్టుకుని సదానందం వైపు వంగాడు. "బర్రె ఏమన్నది సారూ?"

పిల్లలంతా సదానందం వైపు తిరిగారు.

"జోస్యపాయన చెవుల చెప్పిండు గద, అంతా వట్టిదే లెవ్వుమని. దానికి బర్రె ఏమన్నది? గాడ ఆపితివి. ఆపి ఏందో మానేస్త అంటివి. నడుమల ఆపేటోనివి ఎందుకు మొదలుపెట్టినవు? నేను మెత్త మలిపి తల ఇటుదిక్కు పెట్టుకొని మరీ ఇన్న!"

సదానందం మొదటిసారి ఆలోచనలో పడ్డాడు. ఈ సాక్షికి ఎవరూ నవ్వమని చెప్పలేదు. మర్యాద పాటించే ఉద్దేశమూ ఉన్నట్టు లేదు. అయినా ఒక్క సాక్షి చాలడు. ఆయన చూపు ముందు బెంచీ మీది రేకు డబ్బా మీద పడింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"పోశం, మధ్యాహ్నం ఇటు బొగ్గు బండి పోయిందా?"

"ఈడికి పట్టాలు యాడియి సారూ? అవతల ఊరు దాటినంక ఉన్నయి."

సదానందం కుర్చీలో కూర్చుని, కాగితాలు విప్పి, తరగతి వైపు కఠినంగా చూశాడు. "చివరి పేజీ చదువుతాను. ఒక్కరు కూడా నవ్వకూడదు. సైరన్ ఇంకా మోగలేదనుకోండి. చప్పుడు వినిపిస్తే అక్కడికే ఆపేస్తాను." ఆజ్ఞ మీద నవ్వు ఎంతయినా పుట్టించవచ్చు. ఆజ్ఞకు వ్యతిరేకంగా పుట్టేది మాత్రం నకిలీ కాదు.

జోస్యుడు బస్సు దిగే దగ్గర మొదలుపెట్టాడు. పిల్లల చేతులు నోళ్ళ మీదికి వెళ్ళాయి. జోస్యుడు చెమట తుడుచుకున్నాడు, చుట్టూ చూశాడు, బర్రె చెవి వెతికాడు. ముందు బెంచీ మీది జామెట్రీ బాక్సు సన్నగా గలగలమంది. తర్వాత రెండో బెంచీ మీదిది. సదానందం చదవడం ఆపాడు. గలగల ఆగింది. ఒక వాక్యం చదివాడు. గలగలమంది. ఆపాడు, ఆగింది. ఆయన లేచి, సహస్ర బెంచీ మీద అరచెయ్యి ఆనించి, "ఎవరూ వినకుండా బర్రె చెవిలో అన్నాడు," అని చదివాడు. బల్ల ఆయన చేతి కింద వణికింది. సహస్ర భుజాలు వణుకుతున్నాయి, రెండు రంగుల రిబ్బన్లూ వణుకుతున్నాయి, అరచేతి కింద నోరు తెరుచుకోలేదు, గట్టిగా బిగుసుకుని ఉంది. ఇదేనా తాను ఆవలింత అనుకున్నది! ఆవలించేవాడి భుజాలు కదలవని భౌతికశాస్త్రం చదవనివాళ్ళకు కూడా తెలుసు.

"సారూ, ఇగ సతాయించకు," అన్నాడు పోశం కిటికీలోంచి. "ఏమన్నది?"

సదానందం కాగితాలు పక్కన పెట్టేశాడు. చివరి వాక్యానికి ఆయనకు కాగితం అక్కర్లేదు.

"బర్రె నెమరు ఆపి, జోస్యుణ్ణి ఎగాదిగా చూసి అన్నదీ... 'అంతా వట్టిదే అయితే, మరి నీకెందుకయ్యా గంత తొందర?'"

అంతే, నిషేధమూ, ఆజ్ఞా, ప్రయోగమూ అన్నీ కొట్టుకుపోయాయి. సంధ్యారాణి గోడకు ఆనుకుని ఏడ్చింది. మొయినుద్దీన్ గోడ వైపు తిరిగి నవ్వాడు, హెడ్మాస్టరు నవ్వుతుండగా పిల్లలు చూడకూడదు గనుక. అందరికంటే గట్టిగా నవ్వింది పోశం. ఊచలు పట్టుకుని, తల వెనక్కి వేసి, పొద్దటినుంచి ఆపుకున్నదంతా ఒకేసారి వదిలేశాడు. ఎంతగా నవ్వాడంటే, బ్లాస్టింగుకు కూడా లేవడని కాలనీలో పేరున్న సదయ్య నాలుగిళ్ళ అవతల తలుపు తెరిచి, "ఎవడ్రా అది? డ్యూటీ చేసొచ్చినోన్ని పండనియ్యరా?" అని అరిచాడు.

"పండుడు తర్వాత, జర ఇటు రా!" అని అరిచాడు పోశం. "సారు మళ్ళ మొదటిసంది చదువుతడు!"

సదానందం మళ్ళీ మొదటినుంచి చదివాడు. మోకాళ్ళు నొప్పిపెట్టినా, పిల్లలు పట్టుబట్టడంతో, పొట్టి స్టూలు మీదే కూర్చుని చదివాడు.

సాయంత్రం పెద్దపల్లి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఆయనకు కుక్కరు కథ గుర్తొచ్చింది. సీటీని మింగే కుక్కరు, బొగ్గు బండి కూత వచ్చేదాకా ఆగే కుక్కరు. పొద్దున్నే ఆ పిల్ల తనకు మొత్తం చెప్పేసింది. తాను మాత్రం సేఫ్టీ వాల్వు గురించి పాఠం చెప్పాడు. ఆ కథ సహస్రది, దాన్ని ముట్టుకునే హక్కు తనకు లేదు. కానీ గోనెసంచి కప్పుకుని మధ్యాహ్నం దాకా పడుకునే ఒక బద్ధకపు గంట గురించి ఎవరూ రాయలేదు. చివరి కథ వెనక పేజీ ఖాళీగానే ఉంది. బస్సు కుదుపులకు అక్షరాలు కొండలు ఎక్కి దిగుతుంటే, బసంత్‌నగర్ దాటేలోపు మొదటి పేరా అయిపోయింది.

ఇంటికి చేరాక భార్య అల్లం ఏదని అడిగింది. మరిచిపోయానని ఒప్పుకుని, గోదావరిఖని పిల్లలు ఎంతగా నవ్వారో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

"అట్లయితే జ్యోతినగర్ పిల్లలు గూడ నవ్వే ఉంటరు," అందామె ఊరడింపుగా. "వాళ్ళ ఇండ్లల్ల గూడ నైట్ డ్యూటీలు ఉంటయి గద."

సదానందం ఈ ప్రతిపాదనను న్యాయంగా పరిశీలించాడు. అక్కడి పిల్లల భుజాలను గుర్తుచేసుకున్నాడు. కదలలేదు. డబ్బాలు మోగలేదు. నోళ్ళు బారెడు తెరుచుకున్నాయి, కొందరివైతే కొండనాలుకలు కూడా కనిపించాయి.

"లేదు," అన్నాడు, సత్యం పట్ల తనకున్న నిబద్ధత మేరకు. "అక్కడివి నిజంగా ఆవలింతలే."